బండలాగుడు గడియారం

ఇటిక్యాల దశరథం సీడు పత్తి ఏసి ఏం సంపాదించిండో ఎవ్వరికీ తెల్వదు, ఆయనకు గూడ తెల్వదు. కాని బండలాగుడు పోటీలల్ల టైము చూసుట్ల ఆయనను మించినోడు కృష్ణకు ఈ ఒడ్డున గాని ఆ ఒడ్డున గాని లేడని మాత్రం అందరికీ తెల్సు. ఎట్ల తెల్సంటె, ఆయనే చెప్పుకుంట తిరిగేటోడు.

జాతర్లల్ల, ఉర్సులల్ల ఎద్దుల పోటీలు పెట్టంగనే కమిటీలోళ్లు దశరథానికి కబురు పంపేటోళ్లు. ఒక పెద్ద రాతిబండ, దానికి కట్టిన ఎద్దుల జత, ఇరువై నిమిషాల టైము. ఆ టైములోపల ఏ జత బండను ఎక్కువ దూరం గుంజితె దానిదే మొదటి బహుమానం. పండ్లు చూసి ఎద్దుల వయసు తేల్చేటోడు ఒకడు, టేపు పట్టి దూరం కొలిచేటోడు ఇంకొకడు. వాళ్లు దుమ్ముల ఉరుకుతుంటె దశరథం తెల్లంగి తొడుక్కొని, మెడల ఈల, చేతిల ఫోను పట్టుకొని, మైకు పక్కన కుర్చీల కూసునేటోడు. "ఇగ ఐదు నిమిషాలే ఉన్నయ్" అని ఆయన మైకుల అంటె ఎద్దులు తోలేటోళ్ల అరుపులు మారిపోయేటియి. ఆ ఒక్క మాట కోసం ఆయన పొద్దుగాల నుంచే నిమ్మకాయ షర్బతు తాగి గొంతు తయారు జేస్కునేటోడు.

అసొంటి మనిషికి ధరూరు దిక్కు ఒక జాతరల గాచారం పట్టింది.

ఎండకాలం. ఆరుపండ్ల జత ఒకటి నురుగులు కక్కుకుంట బండను గుంజుతుంది. సగం టైము అయిపోయింది. అప్పుడే దశరథం ఫోను మోగింది. కట్ చేద్దమని ఏలు పెడితె అది ఎత్తే గుర్తు మీద పడ్డది. ఫోను మైకు పక్కకే ఉండె. నాలుగు దిక్కుల కట్టిన హారన్లల్లకెల్లి ఒక ఆడమనిషి తియ్యగ మాట్లాడింది: "మీకు ఫోన్ చేసినవారికి మీకు నచ్చిన పాట వినిపించాలనుకుంటున్నారా? అయితే ఒకటి నొక్కండి."

దశరథం పరేషానై ఏం నొక్కిండో ఆయనకే తెల్వదు. పాట మొదలైంది. పెండ్లి పాట. జనం ఈలలేసిండ్రు. డీజే వచ్చిందనుకొని ఇద్దరు తాగుబోతులు డాన్సు గూడ మొదలువెట్టిండ్రు. ఎద్దులు బెదిరి, బండతోని సహా జిలేబీల దుకాణం దిక్కు మళ్లినయ్. దశరథం ఎట్లనో ఫోను నోరు మూయించి చూసేటాలకు టైము సున్నా మీద కూసోని ఉంది.

ఎద్దుల ఆసామి మైకు గుంజుకొని దశరథం వంశాన్ని మూడు తరాలు యాద్ జేసిండు. కమిటీలోళ్లు ఆ జతకు మళ్లొకసారి గుంజే అవకాశమిచ్చిండ్రు గని, ఎద్దులకు గా కోరిక లేదు. అవి బండ కాడ కూలవడి నెమరేస్కుంట కూసున్నయ్. ఎవరో తీసిన వీడియో ఫోన్లల్ల తిరిగి, ఆ రోజు నుంచి మూడు జిల్లాలల్ల దశరథానికి కొత్తపేరొచ్చింది: కాలర్‌ట్యూన్ దశరథం. ఎర్రవల్లి చౌరస్తాల చాయ తాగుతుంటె తెల్వనోళ్లు గూడ "ఒకటి నొక్కమంటవా కాకా" అని అడిగి పోయేటోళ్లు.

దశరథం భార్య జోగులమ్మ ఓదార్చే మనిషి గాదు. "మంచిగైంది" అన్నది. "ఇంట్ల గోడ గడియారం ఆగి ఎన్నేండ్లాయెనో, దానికి సెల్లేయనీకి తీరిక లేదు గని, ఊర్లెమ్మటి ఎద్దులకు టైము చెప్తడంట."

"ఫోనును నమ్ముకునుడే తప్పయిందే" అన్నడు దశరథం.

"అయితే బడిల డ్రిల్లుసారు మెడలేస్కుంటడు జూడు, స్టాప్‌వాచ్, గది కొనుక్కో. బజార్ల దొర్కుతది."

"అది ప్లాస్టిక్‌ది. నొక్కితె ఎలుకపిల్ల తీర్గ కీచుమంటది. గంత పెద్ద ఎద్దుల ముంగట ఎలుకపిల్లను పట్టుకోని నిలబడాల్నా నేను?"

జోగులమ్మ నవ్వాపుకోనీకి కొంగు నోట్ల పెట్టుకుంది.

దశరథం మనసుల వేరే ఉంది. ఫోన్ల వీడియోలు చూస్తుంటె ఒక పాతకాలం చేతిగడియారం కనవడ్డది. పెద్ద గుండ్రంల రెండు చిన్న గుండ్రాలు, పక్కకు రెండు బటన్లు. క్రోనోగ్రాఫ్ అంటరంట. పైబటన్ నొక్కితె పొడుగు సెకండ్ల ముల్లు ఉరుకుతది, మళ్ల నొక్కితె ఆగుతది. కిందిబటన్ నొక్కితె చెప్పినమాట ఇనే పిల్ల తీర్గ సున్నాకొచ్చి నిలబడ్తది. ఎన్ని నిమిషాలైందో కుడిపక్క చిన్న గుండ్రం చెప్తది. చావి తిప్పితె నడుస్తది. సెల్లొద్దు, సిగ్నలొద్దు, పాట పెట్టుకొమ్మని దానికి ఎవ్వరూ ఫోన్ చెయ్యరు. దశరథం దాన్ని చూసి, పెండ్లిచూపులల్ల గూడ గంత సేపు చూడలేదన్నంత సేపు చూసిండు.

ఫోన్లనే ఒకటి తెప్పించిండు. 'పాతకాలపు అసలు సరుకు' అని రాసి ఉంది. పార్సిల్ రాంగనే కట్టుకొని, పైబటన్ నొక్కిండు. ఏం గాలె. గట్టిగ నొక్కిండు. ఏం గాలె. గద్వాల పాత బస్టాండు కాడున్న జోసెఫ్ దుకాణానికి వట్టుకపోయిండు.

జోసెఫ్ వెనుకట పేరున్న గడియారాల మెకానిక్కు. ఇప్పుడు రిమోట్లకు సెల్లులేస్తడు, కారు తాళాలకు బొత్తాలు మారుస్తడు, మిగిలిన టైములంత సర్కారును తిడ్తడు. ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని, గడియారం ఎనుకమూత తీసి, ముక్కుతోని నవ్విండు.

"దశరథన్నా, దీంట్ల చిన్న గుండ్రాలు రెండూ అచ్చేసిన బొమ్మలే. వాటి ముళ్లు గూడ అచ్చే."

"మరి బటన్లు?"

"బంకతోని అతికించిండ్రు. నొక్కితె నీ ఏలు నొస్తది, గంతే."

దశరథం మొకం వాడిపోయింది. జోసెఫ్‌కు జాలేసిందో, లేకుంటె చాలా రోజుల తర్వాత రిమోటు గాని వస్తువు చేతికొచ్చిందన్న సంబురమో, గడియారం డబ్బాను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "డబ్బా మాత్రం అసలైన ఉక్కు. అద్దం గూడ మంచిదే. దీంట్లకు నిజమైన పాత మిషన్ దొర్కితె నేనే కూర్చి ఇస్త. తల లేదు గని, మొండెం ఉన్నట్టే అనుకో."

"మిషన్ యాడ దొర్కుతది?"

జోసెఫ్ గడ్డం గోక్కున్నడు. వనపర్తిల బాలికల బడిల డ్రిల్లు టీచర్ ఒకామె ఉండె, సుమన టీచర్. ఆమె చేతికి వాళ్ల నాయన బంగారు గడియారం ఉండేది, రెండు బటన్లది. ఏటా జోసెఫే దాన్ని విప్పి నూనె వేసేటోడు. ఈమధ్య ఆమె రావట్లేదు. బంగారం కరిగించిందని ఎవరో అన్నరు. "బంగారం కరిగిస్తె డబ్బా పోతది గని మిషన్ ఎవడు కరిగిస్తడు? కంసాలి కాగితంల చుట్టి ఎనుకకే ఇస్తడు. పొయ్యి అడుగు."

తెల్లారి దశరథం బస్సెక్కి వనపర్తి పోయిండు. పాలిటెక్నిక్ ఎనుక సందుల ఇల్లు పట్టుకునుడు కష్టం గాలె, "డ్రిల్లు టీచర్" అనంగనే పాలమ్మేటాయన నిటారుగ నిలబడి దారి చూపించిండు. ఎప్పుడో ఆయన చెల్లెలు ఆమె తాన చదివిందంట, ఆ భయం ఇంకా పోలేదు.

సుమన టీచర్ అరువై దాటిన మనిషి. చీర కింద కాన్వాస్ బూట్లు. మాట్లాడితె మైదానం అవతలి కొసకు వినవడాలె అన్నట్టు మాట్లాడ్తది. దశరథం గడపల నిలవడి, ఎద్దుల సంగతి, ఫోను సంగతి, ఉక్కు డబ్బా సంగతి అంత ఒక్క ఊపుల చెప్పిండు. పెండ్లిపాట కాడికి రాంగనే ఆమె గట్టిగ నవ్వింది.

"కాలర్‌ట్యూన్ దశరథం నువ్వేనా? మా సందుల పిల్లలు గూడ ఆ వీడియో చూసిండ్రయ్యా. కూసో."

"మీ నాయనగారి గడియారం..."

"మా నాయన గడియారం యాడున్నదంటవా? ఇగో" అని ఆమె తన ఎడమ మోకాలు మీద చరిచింది. "అరిగిపోతె దవాఖానల మార్పించుకున్న. గడియారం బంగారమంత దీనికే పాయె. మా నాయన బతికున్నన్నాళ్లు ఒక్కనాడు నా కాళ్లు పట్టలె. ఇప్పుడు పొద్దుమాపు మోస్తున్నడు."

దశరథానికి నవ్వాల్నో వద్దో తెల్వలె. ఆమె లోపలికి పోయి ఒక ఇంగువ డబ్బా తెచ్చింది. మూత తీస్తె, దూదిల చుట్టిన మిషన్ ఉంది. రూపాయి బిళ్లకన్న జర పెద్దగ, సన్నసన్న చక్రాలు, ఎర్ర రాళ్లు, వంకర చేతులు. దాంతోపాటు నల్లగ మాసిన డయల్ ఒకటి. ఇల్లంత పులిహోర వాసనొచ్చింది.

"టీచరమ్మా, పైసలెంతనో చెప్పుండ్రి."

"పైసలొద్దు. దీంతోని నేను ఎంతమంది ఆడపిల్లల పరుగులు కొలిచిననో. అది డబ్బాల కుళ్లుడుకన్న ఎద్దుల పరుగన్న కొలవనీ. కాని ఒక్క మాట. మొదటి పోటీకి నన్ను పిలవాలె. నీ పక్కన కుర్చీ నాకెయ్యాలె. అది నడిచేది నేను కండ్లార చూడాలె."

"కుర్చీ ఏందమ్మా, సోఫానే ఏపిస్త" అన్నడు దశరథం, ఎనుకాముందు చూడకుంట.

జోసెఫ్ ఆ మిషన్ను చూసి దండం పెట్టిండు. విప్పి, పెట్రోల్ల కడిగి, ఎండవెట్టి, మళ్ల కడిగిండు. తుప్పు పోయింది, మురికి పోయింది, ఇంగువ వాసన పోలె. "ఇది స్విట్జర్లాండుల పుట్టింది గని, సాంబారుల చచ్చేటట్టుంది" అన్నడు. ముల్లును సున్నాకు కొట్టే చిన్న సుత్తి ఉంటది లోపల, దాని స్ప్రింగు విరిగి ఉంది. పొడుగు సెకండ్ల ముల్లు అయితె లేనే లేదు, బంగారందని అదీ కంసాలి మూసల పడ్డట్టుంది.

గా రెండింటి కోసం దశరథం హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌కు పోయిండు. అక్కడ ఒక ముసలాయన నేల మీద గోనెసంచి పరిచి, చచ్చిన గడియారాలను చింతపండు తీర్గ కుప్పలు పోసి కూసున్నడు. జోసెఫ్ ఫోన్ల పంపిన ఫోటో చూపిస్తె, ఆయన కుప్పల చెయ్యి పెట్టి, చూడకుంటనే ఒకటి తీసి చేతుల పెట్టిండు. సుమన టీచర్ మిషన్‌కు తోడవుట్టింది. తుప్పు పట్టి పాణం పోయి ఉంది గని, ముల్లు ఉంది, స్ప్రింగు ఉంది. "చనిపోయినోడి కండ్లు బతికున్నోడికి పెడ్తరు గదా, అట్ల అనుకో బేటా" అన్నడు ముసలాయన. దశరథం బస్సుల వచ్చినంతసేపు దాన్ని జేబుల పెట్టి, జేబు మీద చెయ్యి పెట్టుకోనే కూసున్నడు. పక్క సీటాయన గుండెనొప్పి ఉందేమో అని కిటికీ తెరిసిచ్చిండు.

ఇగ డబ్బా గొడవ. డబ్బా పెద్దది, మిషన్ చిన్నది. బక్క మనిషికి బొద్దు మనిషి అంగి తొడిగినట్టు లోపల గలగల ఆడుతుంది. నడుమ ఇత్తడి రింగు ఒకటి పడాలె. దశరథం, బోరు మోటర్లకు బుష్షులు చేసే లేత్ మిషనాయన కాడికి పోయి, జోసెఫ్ గీసిచ్చిన బొమ్మ చూపించిండు.

"ఎన్ని హెచ్‌పీ మోటరుదన్నా ఇది?" అన్నడు లేత్ ఆయన.

"మోటరు గాదు. చేతిగడియారం."

ఆయన బొమ్మ దిక్కు, దశరథం దిక్కు చూసి, "బోరుల పడ్డదా?" అని అడిగిండు. అయినా రింగు మాత్రం మంచిగ చేసిండు, ఎంట్రుకంత గూడ తేడా రాలె. బంకతోని అతికించిన బటన్లు పీకి, లోపలికి బయటికి రాపిడి లేకుంట ఆడేటట్టు కొత్త బటన్ల పుల్లలు గూడ ఆయనే తిప్పిచ్చిండు.

డయల్ మాసి నల్లగైంది గదా, దాన్ని నున్నగ తోమి, బండ్ల నంబర్ ప్లేట్లు రాసే పెయింటర్ చేతిల పెట్టిండ్రు. ఆయన ఒక్క ఎంట్రుక కుంచెతోని గీతలన్ని తెలుపు మీద నలుపు గీసిండు. కుడిపక్క నిమిషాల గుండ్రంల ఇరువై కాడ ఎర్రగీత పెట్టమంటె పెట్టిండు. అండ్ల ఎద్దు బొమ్మ గూడ ఒకటెయ్యమన్నడు దశరథం. గంత చిన్న జాగల ఎద్దు ఎట్ల వస్తది, మేక వచ్చింది. దశరథం ఎద్దేనని మొండికేసిండు. అన్నిటికన్న చిత్రం, అడుగున ఖాళీ జాగ కనవడేసరికి పెయింటర్ చెయ్యి ఆగలె. అలవాటు చొప్పున 'టీజీ 33' అని రాసిండు. గద్వాల బండ్ల నంబరు.

"గిదేందయ్యా?" అన్నడు దశరథం.

"లేకుంటె పోలీసోళ్లు ఆపుతరన్నా" అన్నడు పెయింటర్. ఇద్దరూ నవ్విండ్రు. అది అట్లనే ఉండిపోయింది.

జోసెఫ్ అన్నిటినీ కూర్చే రోజున జోగులమ్మ గూడ గద్వాల వచ్చింది. చీరె ఫాల్ కుట్టించనీకి వచ్చిన్నంటది గని, దుకాణంల స్టూలేస్కోని కదల్లె. జోసెఫ్ పట్టకారతోని సుత్తి స్ప్రింగును పట్టుకున్నడు. కొత్తిమీర పుల్లంత గూడ లేదు. స్క్రూ బిగియబోతుంటె 'టిక్' మని చప్పుడైంది. పట్టకార ఖాళీ.

మొగోళ్లిద్దరూ వెతికిండ్రు. బల్ల కింద వెతికిండ్రు, చాయ గ్లాసుల వెతికిండ్రు. జోసెఫ్ అంగి విప్పి దులిపిండు. దశరథం మోకాళ్ల మీద పాక్కుంట గడప దాక పోయి, బజార్ల పోయేటోళ్లను "జర ఆగుండ్రి, తొక్కకుండ్రి" అని బతిమాలిండు. జుమ్మెరాత్ బజార్ల మళ్ల అసొంటిది దొర్కుతదన్న ఆశ లేదు. ఆయన కండ్లల్ల నీళ్లొచ్చినయ్.

జోగులమ్మ మాత్రం స్టూలు దిగలె. "గిట్ల రా" అని మొగన్ని పిలిచింది. ఆయన పోయి ముందట కూసున్నడు. ఆమె రెండు వేళ్లతోని ఆయన మీసంల నుంచి స్ప్రింగును పీకి బల్ల మీద పెట్టింది. సీడు పత్తి చేన్ల మొగ్గలు ఒలిచి, పువ్వుకు పువ్వు అంటించే ఏళ్లు అవి.

"ఇన్నాళ్లు ఈ మీసం ఎందుకా అనుకున్న. ఒక్కనాడన్న పనికొచ్చింది" అన్నది.

స్ప్రింగు ఎక్కింది. చావి తిప్పంగనే గడియారం నడిచింది. పైబటన్ నొక్కితె మాత్రం పొడుగు ముల్లు ఉరుకుడు కాదు, మొత్తం గడియారమే ఆగింది. జోసెఫ్ తిట్టుకుంట ఒక స్క్రూను వెంట్రుకవాసి తిప్పిండు. మళ్ల నొక్కిండు. ఆగింది. మళ్ల తిప్పిండు. చక్రం చక్రం మీద మరీ గట్టిగ ఒరుసుకుంటె కాళ్లకు కాళ్లు అడ్డమొస్తయంట, మరీ ఎడమైతె పండ్లు తప్పుతయంట. "మొగనిపెండ్లాల లెక్కనే" అని జోగులమ్మ అంటుంటెనే, ముల్లు కదిలింది. నున్నగ, ఎక్కడా తడబడకుంట గుండ్రం తిరిగొచ్చింది. అది పన్నెండు దాటంగనే కుడిపక్క చిన్నముల్లు టక్కున ఒక గీత ముందుకు దుంకింది.

దశరథం నోరు తెరుచుకోని చూసిండు. "మళ్ల దుంకుతదా?"

"నిమిషానికొకసారి" అన్నడు జోసెఫ్.

దశరథం ఇంకో దుంకు కోసం చూసిండు. అది అయినంక ఇంకోదాని కోసం. ఆఖరికి జోగులమ్మనే రెక్క పట్టి బస్సెక్కించింది. బిడ్డ పుట్టినప్పుడు గూడ గింత సంబురం చూడలేదని బస్సుల అందరికీ వినవడేటట్టు అన్నది. దశరథానికి వినవడలె.

మొదటి పోటీ బిజినేపల్లి దిక్కు ఒక ఊర్ల పడ్డది. కమిటీ అధ్యక్షుడు భానుప్రకాశ్ అనే పడుసుపిల్లగాడు, నల్లద్దాలు పెట్టుకొని మైకు ముందు నిలబడ్డడు. దశరథాన్ని చూసి, "కాకా, మళ్ల పాట పెడ్తవా? మాకు డీజే ఖర్చు తప్పుతది" అన్నడు. జనం నవ్విండ్రు. దశరథం గడియారమున్న చెయ్యి చాపిండు. భానుప్రకాశ్ అద్దాలు తీసి వంగి చూసిండు. "గీ మేక ఏంది కాకా?" అన్నడు.

"ఎద్దు" అన్నడు దశరథం.

ముందుజాగ్రత్తకు భానుప్రకాశ్ తన ఫోన్ల గూడ టైము పెడ్తనన్నడు. పెట్టిండు. మొదటి జతకు రెండూ ఒక్కటే టైము చూపించినయ్. రెండో జతకూ అంతే. మూడో జత నడుమల ఎండకు ఫోను కాలి, నల్లగై, మళ్ల తెరుచుకోలె. భానుప్రకాశ్ దాన్ని మంచినీళ్ల కుండ మీద పెట్టి, "ఇగ నువ్వే దిక్కు కాకా" అన్నడు. ఆ మాట దశరథానికి దేవుని హారతి తీస్కున్నట్టయింది. ఎండ తగలకుంట చెయ్యి అంగి కింద పెట్టుకొని, ఎవ్వరూ అడగకున్నా పక్కోళ్లకు పైబటనేందో కిందిబటనేందో చెప్పుకుంట కూసున్నడు.

సుమన టీచర్ మాట ప్రకారం వచ్చింది. సోఫా రాలె గని మంచి కుర్చీ పడ్డది. కాన్వాస్ బూట్లు దుమ్ముల ఆనిచ్చి, చెరుకురసం తాగుకుంట, ఎద్దుల కంటె గడియారాన్నే ఎక్కువ చూసింది. వాళ్ల నాయన ముల్లు ఎట్ల తిరిగేదో గిదీ అట్లనే తిరుగుతుందని ఒక్కసారి మెల్లగ అన్నది. ఆమె మెల్లగ మాట్లాడుడు దశరథం అదే మొదటిసారి వినుడు.

ఆఖరి జత కొల్లాపూర్ దిక్కు ఆసామిది. ఎద్దులు ఏనుగుల లెక్క ఉన్నయ్. అప్పటిదాక ముందున్న జత కంటె ఇంకొన్ని అడుగులు గుంజితె మొదటి బహుమానం వాళ్లదే. జనం లేచి నిలబడ్డరు. దుమ్ము మబ్బు లెక్క లేచింది. "ఇగ ఐదు నిమిషాలే ఉన్నయ్" అని దశరథం మైకుల అన్నడు, గొంతు గంటలెక్క మోగింది. తోలేటోళ్లు కేకలేసిండ్రు. బండ కదులుకుంట కదులుకుంట ముందు జత ఆగిన గుర్తు దగ్గరికొచ్చింది.

దశరథం ముల్లును చూస్తున్నడు. పొడుగు ముల్లు పైకెక్కుతుంది. చిన్నముల్లు ఎర్రగీతకు ఒక్క గీత ఎనుక నిలబడి, దుంకనీకి తయారుగ వణుకుతుంది. ఆయనకు ఎద్దులు కనవడలె, జనం వినవడలె. ఆ ముల్లు ఎర్రగీత మీదికి దుంకుడు తన కండ్లతోని చూడాలె, గంతే. టీచరమ్మ మోకాలు, ముసలాయన గోనెసంచి, తన మీసం, అన్ని ఆ ఒక్క దుంకు కోసమే. పొడుగు ముల్లు పన్నెండు కాడికొచ్చింది. టక్. ఎర్రగీత మీద పడ్డది.

"అబ్బ!" అన్నడు దశరథం. చెయ్యి గుండె మీద పెట్టుకున్నడు. ఈల ఆయన మెడల ఏలాడుతనే ఉంది.

ఎర్రగీత మీద ముల్లు పడంగనే చెవులు చిల్లులు పడేటట్టు ఈల మోగింది. ఎద్దులు ఆగినయ్. జనం ఆగిండ్రు. సుమన టీచర్ కుర్చీల నుంచి లేచి నిలబడి ఉంది, రెండు వేళ్లు నోట్ల పెట్టుకొని.

బండ గుర్తుకు మూరెడు దూరంల ఉంది. కొల్లాపూర్ ఆసామి మైకు కాడికి ఉరికొచ్చిండు. "టైము చూసేటోడు ఈయన, ఈల ఊదింది ఆమె! ఈమె ఎవరు? కమిటీల ఉన్నదా?"

భానుప్రకాశ్ మైకు దశరథం నోటికాడ పెట్టిండు. "చెప్పు కాకా. ఈల నువ్వెందుకు ఊదలె?"

దశరథానికి అప్పుడు తెలివొచ్చింది. గొంతు పట్టేసిందనో, ఈల పాడైందనో, టీచరమ్మకు తనే సైగ చేసిన్ననో చెప్పొచ్చు. అబద్ధాలు నాలుక కొస దాక వచ్చినయ్. కాని చెయ్యెత్తి గడియారం చూస్తె దాని ముల్లు ఇంకా ఉరుకుతనే ఉంది. దాన్ని పెట్టుకొని అబద్ధం చెప్పబుద్ధి కాలె.

"ముల్లు దుంకుతుంటె చూస్కుంట ఉండిపోయిన" అన్నడు మైకుల. "మస్తుగ దుంకింది. ఈల యాదికి రాలె. టీచరమ్మ నా భుజం మీదికెల్లి చూసి, ఎర్రగీత మీద పడంగనే ఊదింది. టైముల తప్పు లేదు. తప్పంత నాది."

మైదానమంత పగలబడి నవ్వింది. జోగులమ్మ ఆడోళ్ల మధ్యల తల కొట్టుకుంట, అందరికన్న గట్టిగ నవ్వుతుంది. కొల్లాపూర్ ఆసామి మాత్రం నవ్వలె. "నేనొప్పుకోను. పరాయి మనిషి ఈల చెల్లదు" అన్నడు.

అప్పుడు ఆడోళ్ల దిక్కుకెల్లి ఒకామె చంకల బిడ్డతోని ముందుకొచ్చింది. ఆ ఆసామి భార్యనే. సుమన టీచర్‌ను దగ్గర నుంచి చూసి టక్కున రెండు కాళ్లు దగ్గరికి పెట్టి నిలబడ్డది. "నమస్తే టీచర్!"

"నువ్వు... గోనెసంచి పరుగుల పడ్డదానివి గదా?" అన్నది టీచరమ్మ.

"అవును టీచర్." ఆమె మొగని దిక్కు తిరిగింది. "మా టీచర్ ఈల ఊదినంక ఇగ మాట్లాడేదుండదు. పా, ఎద్దులకు నీళ్లు పెట్టు."

ఆసామి నోరు తెరిచి, మూసి, మీసం తడుముకొని, ఎద్దుల కాడికి పోయిండు. రెండో బహుమానం తీస్కునేటప్పుడు దశరథం చెయ్యి పట్టుకొని, గడియారాన్ని చెవికాడ పెట్టుకొని విన్నడు. "ఇంగువ వాసనొస్తుంది" అన్నడు.

ఆ యేడు నుంచి కమిటీలోళ్లు ఇద్దర్నీ పిలుస్తుండ్రు. దశరథం టైము చూస్తడు, మైకుల ఐదు నిమిషాల మాట చెప్తడు. ఈల మాత్రం సుమన టీచర్‌ది. ఈల ఇడిసిపెట్టనీకి దశరథానికి మనసు ఒప్పలె గని, ముల్లు దుంకేటప్పుడు తనను తాను నమ్ముకోలేడని ఆయనకే తెల్సు. కాలర్‌ట్యూన్ అని పిలిచేటోళ్లు తగ్గిండ్రు. మేక గడియారం దశరథం అంటుండ్రు. దానికి మాత్రం ఆయనకు ఇప్పటికీ కోపమొస్తది.

బిజినేపల్లి నుంచి వచ్చిన రోజు పొద్దుగూకేటాలకు ఎర్రవల్లి చౌరస్తాల బస్సు దిగి, నిలిపిపెట్టిన బండి తీసిండు. జోగులమ్మ ఎనుక కూసుంది.

"టైమెంతయింది?" అని అడిగింది.

దశరథం చెయ్యి చూసుకున్నడు. అసలు గంటలు చూపించే ముళ్ల పట్టు అరిగిపోయిందంట, జోసెఫ్ ఎంత తిప్పినా రెండూ జారి ఎక్కడపడితె అక్కడ నిలబడ్తయ్. పొద్దుమీకి పూట గడియారం పదకొండుంబావు చూపిస్తుంది.

"తెల్వదు" అన్నడు.

"గింత చేసి, టైము తెల్వదా దాంట్ల?"

"ఎంతసేపయిందో తెలుస్తదే. ఎంతయిందో తెల్వదు."

జోగులమ్మ ఆకాశం దిక్కు చూసింది. "బర్లు పిండే యాళ్లయింది. జల్ది నడుపు" అన్నది. దశరథం బండి స్టార్ట్ చేసి, ఎవ్వరూ చూస్తలేరనుకొని పైబటన్ నొక్కిండు. చౌరస్తా నుంచి ఇల్లు ఎంతసేపో ఇన్నేండ్లల్ల ఎవ్వరూ కొలవలె.

"చూసిన, చూసిన" అన్నది జోగులమ్మ ఎనుకనుంచి. "తొవ్వ దిక్కు చూసి నడుపు."